కౌబాయ్ పాటలు, పారిస్ చదువు: కోప్లండ్ సంగీతంలో ‘అమెరికా’ ఎక్కడుంది?

2026 జులై 4తో అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు 250 ఏళ్లు. ఇలాంటి సందర్భం వస్తే అక్కడి ఆర్కెస్ట్రాలకు ముందుగా గుర్తొచ్చే స్వరకర్తల్లో ఆరన్ కోప్లండ్ ఒకరు. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలు స్కూల్ ఆర్కెస్ట్రాలో వయొలిన్ పట్టుకుంటే, ఎప్పుడో ఒకసారి ఆయన ‘హో-డౌన్’ అనే రచన వాళ్ల స్టాండ్ మీదికి రావడం మామూలే. దాన్ని పరిచయం చేసేటప్పుడు ఎవరైనా చెప్పే మాట ఒకటే: “ఇది అమెరికన్ జానపద శైలి సంగీతం.”

ఆ మాట తప్పు కాదు. కానీ ఆగి ఆలోచిస్తే చిక్కుముళ్లు కనిపిస్తాయి. కోప్లండ్ పుట్టి పెరిగింది న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో. సంగీతం లోతుగా నేర్చుకుంది పారిస్‌లో. తన మొదటి కౌబాయ్ బ్యాలే రాయడం మొదలుపెట్టింది కూడా పారిస్‌లోనే. ఆయన వాడుకున్న బాణీల్లో చాలావరకు అచ్చు పుస్తకాల నుంచి తీసుకున్నవి. మరి ఇందులో జానపదం ఎంత, కోప్లండ్ ఎంత? వింటుంటే విశాలమైన గడ్డి మైదానాలు కళ్లముందు కదలడానికి కారణం ఆ పాత పాటలా, వాటికి ఆయన తొడిగిన కొత్త రూపమా? నాకు తెలిసినంతలో రెండోదే బలమైన జవాబు. అయితే మొదటిదాన్ని పక్కన పెట్టేస్తే న్యాయం జరగాల్సిన కొందరికి అన్యాయం జరుగుతుంది.

మూడు బ్యాలేలు, వాటి పేర్లతో వచ్చే అయోమయం

ముందు రచనలేవో చూద్దాం. ‘బిల్లీ ద కిడ్’ 1938 అక్టోబర్‌లో షికాగోలో మొదటిసారి ప్రదర్శించారు. పేరుమోసిన బందిపోటు కథ. నృత్యం కూర్చింది యూజీన్ లోరింగ్. ‘రోడియో’ 1942 అక్టోబర్ 16న న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో వచ్చింది. పశువుల క్షేత్రంలో కౌబాయ్‌ల మధ్య మగవాళ్లతో సమానంగా తిరిగే ఒక అమ్మాయి కథ అది. నృత్యం కూర్చిన ఆగ్నెస్ డి మిల్ తానే ఆ పాత్ర వేశారు. మూడోది ‘అపలాచియన్ స్ప్రింగ్’. నర్తకి మార్తా గ్రహమ్ బృందం 1944 అక్టోబర్ 30న వాషింగ్టన్‌లో, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఆడిటోరియంలో దాన్ని ప్రదర్శించింది. మరుసటి ఏడాది దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది.

బ్యాలే అంటే ఇక్కడ మాటలు లేని నృత్యరూపకం. కథంతా దేహంతో, సంగీతంతో నడుస్తుంది. ఇప్పుడు మనం కచేరీల్లో, రికార్డుల్లో వినేది చాలాసార్లు ఆ బ్యాలే మొత్తం కాదు, దానిలోంచి ఏర్చి కూర్చిన ‘సూట్’. ‘రోడియో’ నుంచి నాలుగు ఘట్టాలు తీశారు, చివరిదే ‘హో-డౌన్’. ‘బిల్లీ ద కిడ్’ తొలి ప్రదర్శనలో ఆర్కెస్ట్రా అసలు లేదు, రెండు పియానోలతో నడిపించారు. ‘అపలాచియన్ స్ప్రింగ్’ను కోప్లండ్ 13 వాద్యాలకే రాశారు. ఫ్లూట్, క్లారినెట్, బసూన్, పియానో, తొమ్మిది తీగ వాద్యాలు, అంతే. ఆ ఆడిటోరియంలో అంతకు మించి చోటు లేదు. పెద్ద ఆర్కెస్ట్రాకు సూట్ 1945లో వచ్చింది. ఇప్పుడు ఒకే పేరుతో రెండు రికార్డింగులు విన్నవాళ్లకు ఒకటి గదిలో మాట్లాడుకున్నట్టు, ఇంకొకటి కొండ మీద నిలబడి పిలిచినట్టు అనిపించడానికి కారణం ఇదే.

బ్రూక్లిన్ కుర్రాడికి కౌబాయ్ పాటలతో ఏం పని?

కోప్లండ్ 1900 నవంబర్ 14న పుట్టారు. తల్లిదండ్రులు రష్యన్ సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలవాళ్లు. బ్రూక్లిన్‌లో వాళ్లకో పెద్ద దుకాణం ఉండేది, కుటుంబం దాని పై అంతస్తులోనే ఉండేది. 1921లో ఫ్రాన్స్ వెళ్లి, సంగీత గురువు నాడియా బులాంజే దగ్గర మూడేళ్లు చదువుకున్నారు. అప్పటి పారిస్‌ను ఊపేస్తున్న పేరు స్ట్రావిన్‌స్కీ. రష్యన్ పల్లె బాణీలను ముక్కలు చేసి, తాళం విరిచి, సరికొత్త సంగీతంగా మార్చిన మనిషి. ఫ్రెంచివాళ్ల సంగీతం వినగానే ఫ్రెంచిదని తెలుస్తోంది, రష్యన్లదీ అంతే. మరి అమెరికా సంగీతం అలా ఎందుకు తెలియడం లేదన్న ప్రశ్నతో కోప్లండ్ ఇంటికి తిరిగొచ్చారు.

ఈ ప్రశ్న ఆయన కంటే పాతది. చెక్ స్వరకర్త ద్వోర్జాక్ 1892లో న్యూయార్క్ వచ్చి మూడేళ్లు సంగీత పాఠశాల నడిపారు. అమెరికా సంగీత భవిష్యత్తుకు పునాది నల్లజాతివాళ్ల పాటలేనని 1893లోనే పత్రికల్లో ప్రకటించారు. కోప్లండ్‌కు కుర్రతనంలో పాఠాలు చెప్పిన రూబిన్ గోల్డ్‌మార్క్ ఆ ద్వోర్జాక్ శిష్యుడే.

కోప్లండ్ మొదట జాజ్ వైపు వెళ్లారు, 1920లలో రాసినవాటిలో అది వినిపిస్తుంది. తర్వాత దాన్ని వదిలి 1930 నాటి ‘పియానో వేరియేషన్స్’ లాంటి కటువైన ఆధునిక రచనలు చేశారు. అవి సంగీతకారులకు గొప్పగా అనిపించాయి, మామూలు శ్రోతలు మాత్రం దగ్గరికి రాలేదు. అదే సమయంలో ఆర్థిక మాంద్యం వచ్చింది. కళాకారులు వామపక్షం వైపు మొగ్గిన కాలం. రేడియో, గ్రామఫోన్ వల్ల లక్షల మంది కొత్త శ్రోతలు తయారయ్యారు. వాళ్లను పట్టించుకోకుండా రాయడంలో అర్థం లేదని, చెప్పదలచుకున్నది వీలైనంత సరళంగా చెప్పి చూడాలని అనుకున్నట్టు ఆయన తర్వాత రాసుకున్నారు. 1932లో మెక్సికో వెళ్లి, అక్కడి జనం పాటలతో ‘ఎల్ సలోన్ మెహికో’ రాశారు. జానపద బాణీతో ఆర్కెస్ట్రాకు ఏం చేయొచ్చో ఆయనకు తెలిసింది అక్కడే. అంటే ‘అమెరికన్ శైలి’కి రిహార్సల్ మెక్సికోలో జరిగింది.

కౌబాయ్ పాటల పుస్తకాలు ఆయన చేతిలో పెట్టింది ‘బిల్లీ ద కిడ్’ రాయమని అడిగిన లింకన్ కిర్‌స్టైన్. కోప్లండ్‌కు ఆ పాటల మీద మొదట్లో పెద్ద మోజేమీ లేదు. ‘రోడియో’ అడిగినప్పుడూ మళ్లీ కౌబాయ్ కథేనా అని వెనకాడారు.

ఒక ఫిడేలు వరస ప్రయాణం

బాణీ ఎలా చేతులు మారిందో తెలియాలంటే ‘హో-డౌన్’ను మించిన ఉదాహరణ లేదు.

1937 అక్టోబర్‌లో కెంటకీ కొండ ప్రాంతంలో జానపద సంగీతం సేకరిస్తున్న అలన్ లోమాక్స్, ఎలిజబెత్ లోమాక్స్ దంపతులు విలియం స్టెప్ అనే ఫిడేలు కళాకారుడి వాయిద్యాన్ని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం రికార్డు చేశారు. ఆ వరస పేరు ‘బోనపార్ట్స్ రిట్రీట్’, నెపోలియన్ వెనుదిరగడం మీద. చాలామంది దాన్ని నెమ్మదిగా, కవాతు నడకలో వాయించేవారు. స్టెప్ మాత్రం గిర్రున తిరిగే డాన్సు పాటగా మార్చేశారు. పక్క తీగను శ్రుతిలా మోగిస్తూ, దాని మీద వరసను పరుగెత్తించారు.

ఆ రికార్డింగును స్వరం స్వరం విని కాగితం మీద పెట్టింది రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆమె కూడా గొప్ప ఆధునిక స్వరకర్త. విల్లు ఎక్కడ ఒత్తిందో, తాళానికి ఎక్కడ ముందు పడిందో కూడా వదలకుండా రాసే మనిషి. లోమాక్స్‌ల సంకలనంలో అది 1941లో అచ్చయింది. మరుసటి ఏడాది కోప్లండ్ ‘రోడియో’ రాశారు. ‘హో-డౌన్’ ప్రధాన వరస స్టెప్ వాయించినదానికి దాదాపు నకలు. కెంటకీలో వేరే ఫిడేలు మనిషి ఆ రోజు దొరికి ఉంటే మనం ఇవాళ వినే ‘హో-డౌన్’ ఇలా ఉండేది కాదు.

కాబట్టి ‘జానపద బాణీ’ అంటే ఎవరూ చేయకుండా గాలిలోంచి వచ్చినదనుకుంటే పొరపాటు. ఈ వరసకు వేగం, విరుపు ఇచ్చిన మనిషికి పేరుంది, ఊరుంది. కానీ దశాబ్దాల పాటు కచేరీ పత్రాల్లో ‘సాంప్రదాయ బాణీ’ అని రాసి ఊరుకున్నారు. మన దగ్గర పల్లె పాట సినిమాకెక్కినప్పుడు రచన ఎవరిదన్న గొడవ ఎలా పుడుతుందో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా ఉండదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ‘రోడియో’ మొదటి ఘట్టంలో ‘సిస్ జో’ అనే బాణీ వస్తుంది. వేదిక మీద గుర్రాలెక్కిన కౌబాయ్‌లు కనిపిస్తుంటారు. కానీ ఆ పాట పశువుల కాపరులది కాదు, నల్లజాతి రైల్వే కూలీలు పట్టాలు సరిచేస్తూ పాడుకునే పని పాట. పుస్తకంలోంచి ఆర్కెస్ట్రాలోకి వచ్చేసరికి పాడినవాళ్ల ముఖాలు మారిపోయాయి.

గాంధారం తీసేస్తే ఏమవుతుంది?

ఇప్పుడు అసలు విషయం. బాణీలన్నీ పక్కన పెట్టినా కోప్లండ్ సంగీతం అమెరికాలాగే వినిపిస్తుంది. ఎందుకు?

పాశ్చాత్య సంగీతంలో మామూలు కార్డ్ అంటే మూడు స్వరాలు కలిపి మోగించడం: స–గ–ప. ఇందులో రంగు పులిమేది గాంధారం. అంతర గాంధారమైతే మేజర్, వెలుగుగా ఉంటుంది. సాధారణ గాంధారమైతే మైనర్, కాస్త దిగులు. ఆ గాంధారాన్నే తీసేస్తే మిగిలేది స–ప. అది సంతోషమా విచారమా అని చెవి తేల్చుకోలేదు. తంబురా మోగుతున్నప్పుడు పాట ఇంకా మొదలుకాని ఆ ఖాళీ మనందరికీ తెలిసిందే.

‘బిల్లీ ద కిడ్’ మొదట్లో గడ్డి మైదానం చూపించే ఘట్టంలో కోప్లండ్ ఇదే పని చేశారు. రెండేసి స్వరాలు, మధ్యలో గాంధారం లేకుండా, జతగా కదులుతాయి. వాటిని ఇచ్చిన చోట్లు కూడా చూడాలి. పైన ఎక్కడో ఊదే వాద్యాలు, అట్టడుగున బరువైన స్వరం, నడుమ దాదాపు ఎవరూ ఉండరు. జర్మన్ సంప్రదాయంలో ఆ నడిమి జాగాను హార్న్‌లతో, తీగలతో నింపేస్తారు. కోప్లండ్ ఖాళీగా వదిలేశారు. దూరం అనే భావన చెవికి అక్కడే తగులుతుంది.

‘అపలాచియన్ స్ప్రింగ్’ ఆరంభం ఇంకా సున్నితం. ‘ఏ’ (A) మేజర్ కార్డ్ మీద ‘ఈ’ (E) మేజర్ కార్డ్ పరుస్తారు. ‘ఏ’ను షడ్జం అనుకుంటే మొదటిది స–గ–ప, రెండోది ప–ని–రి. పంచమం రెండింటికీ ఉమ్మడి. నిషాదం, షడ్జం పక్కపక్కనే మోగితే గీరుకున్నట్టుంటుంది. ఇక్కడ వాటిని విడివిడిగా, మెల్లగా ఒక్కో వాద్యానికీ పంచడంతో తెల్లవారుజామున పొగమంచు విడుతున్నట్టు ఉంటుంది. ఈ కొన్ని క్షణాల్లో ఒక్క జానపద బాణీ కూడా లేదు. అయినా అమెరికా గ్రామసీమకు గుర్తుగా జనం చెప్పుకునేది ఈ ఆరంభాన్నే.

‘హో-డౌన్’ మొదట్లో ఇది తమాషాగా తిరుగుతుంది. పాశ్చాత్య వయొలిన్ తీగలు నాలుగూ ఒకదానికొకటి స–ప దూరంలో ఉంటాయి. వేళ్లు పెట్టకుండా వాటిని మోగిస్తే ఫిడేలు మనిషి శ్రుతి చేసుకుంటున్నట్టు వినిపిస్తుంది. కోప్లండ్ ఆ శబ్దాన్నే పెంచి ఆర్కెస్ట్రా మొత్తంతో చేయించారు. పల్లె ఫిడేలు స్వభావమూ పారిస్‌లో నేర్చిన ఖాళీల లెక్కా అచ్చంగా కలిసిన చోటు ఇది.

తాళం సంగతి కొంచెం చెప్పాలి. కౌబాయ్ పాటలు చాలావరకు సాఫీగా నడుస్తాయి. కోప్లండ్ వాటిలో ఒక మాత్ర తగ్గిస్తారు, ఇంకోచోట పెంచుతారు, నడుమ ఉన్నట్టుండి నిశ్శబ్దం పెడతారు. ‘బిల్లీ ద కిడ్’లో వచ్చే మెక్సికన్ నాట్యం ఐదు మాత్రల లెక్కలో ఉంటుంది, మన చెవికి ఖండచాపు పట్టేస్తుంది. బిల్లీని పట్టుకున్నాక ఊరి జనం చేసుకునే సంబరంలో అడుగు స్వరం (బాస్) కావాలనే శ్రుతి తప్పినట్టు మోగుతుంది. పైకి ఉల్లాసంగా, కింద చేదుగా ఉండే ఆ సంగీతం విన్నాక కోప్లండ్ జానపదాన్ని తీయగా వడ్డించారని అనడం కష్టం.

పెళ్లే చేసుకోని వాళ్ల పాట, పెళ్లివారి బ్యాలేలో

‘అపలాచియన్ స్ప్రింగ్’లో ఉన్న ప్రసిద్ధ అరువు బాణీ ఒక్కటే, ‘సింపుల్ గిఫ్ట్స్’. షేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ల పాట. 1848లో మెయిన్ రాష్ట్రంలోని ఆల్‌ఫ్రెడ్ అనే చోట జోసెఫ్ బ్రాకెట్ కట్టారని చెబుతారు. మంద్ర పంచమంలో మొదలై షడ్జం అందుకుని పైకి నడిచే చిన్న వరస. మొదట క్లారినెట్ మీద ఒంటరిగా వస్తుంది. తర్వాత ఒక్కో విడతకూ వేషం మార్చుకుంటూ చివర ఆర్కెస్ట్రా మొత్తం నెమ్మదిగా, నిండుగా వాయిస్తుంది.

కథ పెన్సిల్వేనియాలో కొత్తగా కాపురం పెడుతున్న జంటది. షేకర్లేమో బ్రహ్మచర్యం పాటించేవాళ్లు. పైగా ఆ పాట అపలాచియన్ కొండలది కాదు, ఈశాన్యంలోని న్యూ ఇంగ్లండ్‌ది. కోప్లండ్ దాన్ని 1940లో వచ్చిన పుస్తకంలో చూశారు. చరిత్ర ప్రకారం సరిపోదు. భావం ప్రకారం సరిపోయింది: నిరాడంబరతను పొగిడే ఆ పాట, తక్కువ స్వరాలతో ఎక్కువ చెప్పాలనుకున్న స్వరకర్త దారికి నప్పింది.

పేరు కూడా తర్వాతే వచ్చింది. సంగీతం రాసినంత కాలం కోప్లండ్ దాన్ని ‘మార్తా కోసం బ్యాలే’ అనే పిలిచేవారు. గ్రహమ్ పంపిన తొలి కథనంలో అంతర్యుద్ధం ఉంది, ఒక ఆదివాసీ అమ్మాయి పాత్ర ఉంది. తర్వాత ఆమె చాలా మార్చేశారు. ఒక సన్నివేశానికి రాసిన సంగీతం ఇంకో సన్నివేశానికి వెళ్లింది. చివరి పేరు ఆమె హార్ట్ క్రేన్ కవితలోంచి తీసి పెట్టారు. అయినా శ్రోతలు జీవితాంతం ఆయన దగ్గరకొచ్చి, మీ సంగీతం వింటే అపలాచియన్ కొండలు కనిపిస్తాయని చెబుతూనే ఉన్నారు. వాళ్లు అబద్ధం చెప్పలేదు. ఆ ఖాళీ జాగాలో ఎవరికి కావాల్సిన నేల వాళ్లు చూసుకోవచ్చు.

ఒప్పుకోనివాళ్ల వాదనలు

కోప్లండ్ మీద వచ్చిన విమర్శల్లో అన్నీ ఒకే బరువువి కావు. యూదుడు, నగరవాసి, పారిస్‌లో చదివినవాడు పశ్చిమ పల్లెల గురించి ఏం రాస్తాడన్నది ఒకటి. దాని వెనుక ఆ రోజుల్లో యూదు వ్యతిరేకత చాలా ఉండేది. ‘అపలాచియన్ స్ప్రింగ్’ వేదికను తీర్చిదిద్దింది జపనీస్ మూలాలున్న ఇసాము నొగుచి. ‘రోడియో’ ఆడింది యుద్ధం వల్ల యూరప్ వదిలి వచ్చిన రష్యన్ బ్యాలే బృందం. వీళ్లందరినీ తీసేశాక మిగిలే ‘స్వచ్ఛమైన’ అమెరికా ఏదో ఆ వాదన చేసేవాళ్లు చూపించాలి.

రెండోది సాటి సంగీతకారులది. జాతీయత అనేది కావాలని తెచ్చిపెట్టుకునేది కాదని, అమెరికన్లు నిజాయితీగా ఏది రాస్తే అదే అమెరికా సంగీతమని రోజర్ సెషన్స్ వంటివాళ్లు వాదించారు. వర్జిల్ థామ్సన్ అభ్యంతరం వేరు. కౌబాయ్ పాటలతో సరళమైన సంగీతం తాను 1936లోనే ఒక డాక్యుమెంటరీకి రాశానని, దారి వేసింది తానేనని ఆయన అనేవారు. ఆ మాటలో నిజముంది. కానీ దారి తెలియడం వేరు, స్వరాల మధ్య అంత ధైర్యంగా చోటు వదలడం వేరు.

మూడోది నాకు అన్నిటికంటే బరువైనదిగా అనిపిస్తుంది. కౌబాయ్‌లలో నల్లజాతివాళ్లు, మెక్సికన్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. ఆ ‘ఖాళీ’ మైదానాల్లో అంతకుముందే ఆదివాసీలు ఉన్నారు. వేదిక మీద మాత్రం తెల్లవాళ్ల కథలే అమెరికా కథగా నిలబడ్డాయి. ద్వోర్జాక్ చెప్పిన దారిలో నడిచినవాళ్లు లేక కాదు. విలియం గ్రాంట్ స్టిల్ 1930లో ‘ఆఫ్రో-అమెరికన్ సింఫనీ’ రాశారు. ఫ్లోరెన్స్ ప్రైస్ తొలి సింఫనీని 1933లో షికాగో సింఫనీ వాయించింది. అందులో నల్లజాతివాళ్ల ‘జూబా’ నాట్యం లయ ఉంది. బోస్టన్ ఆర్కెస్ట్రా సంచాలకుడు కుసెవిట్‌స్కీకి ప్రైస్ 1943లో ఉత్తరం రాస్తూ, ఆడదాన్ని కావడం, నల్లజాతి రక్తం ఉండటం తనకున్న రెండు అడ్డంకులని మొదట్లోనే చెప్పుకున్నారు. ఆయన ఆమె రచనలను కచేరీల్లోకి తీసుకోలేదు. అదే కుసెవిట్‌స్కీ కోప్లండ్‌కు అండగా నిలిచినవారిలో ముఖ్యుడు. ఇందులో కోప్లండ్ తప్పేమీ లేదు. కానీ ఏ ధ్వని దేశానికి గుర్తుగా నిలిచిందన్నది స్వరాల గొప్పతనంతో మాత్రమే తేలలేదు.

దేశభక్తి సంగీతమన్న ముద్ర కోప్లండ్‌నూ కాపాడలేదు. 1953 జనవరిలో అధ్యక్షుడు ఐసన్‌హోవర్ ప్రమాణ స్వీకార కచేరీ నుంచి కోప్లండ్ రచన ‘లింకన్ పోర్ట్రెయిట్’ను తొలగించారు. కోప్లండ్ వామపక్ష సంబంధాలపై ఒక కాంగ్రెస్ సభ్యుడు అభ్యంతరం చెప్పడమే కారణం. అదే ఏడాది మే నెలలో, కమ్యూనిస్టుల కోసం వెతికే సెనేటర్ మెకార్తీ కమిటీ ఆయన్ను పిలిచి ప్రశ్నించింది.

సినిమా చెవికి నేర్పింది

మనకు కౌబాయ్ అంటే 1971 నాటి కృష్ణ ‘మోసగాళ్లకు మోసగాడు’. దాని వెనుక ఉన్నది ఇటాలియన్ వెస్టర్న్‌ల వరవడి. అందుకే మన ఊహలో కౌబాయ్ సంగీతమంటే ఈల, గిటారు. హాలీవుడ్ పాత వెస్టర్న్‌ల ధ్వని వేరు, అది కోప్లండ్‌కు చాలా బాకీ పడింది. 1960లో ‘ద మాగ్నిఫిసెంట్ సెవెన్’కు సంగీతం చేసిన ఎల్మర్ బర్న్‌స్టైన్‌ను చిన్నప్పుడు విని ప్రోత్సహించినవారిలో కోప్లండ్ ఒకరు. ఆ సినిమా బాణీని తర్వాత సిగరెట్ ప్రకటనలు వాడుకున్నాయి. ‘హో-డౌన్’ గొడ్డుమాంసం ప్రకటనకు వెళ్లింది.

అలా రెండు మూడు తరాలు టీవీ ముందు పెరిగాయి. గుర్రం, మైదానం కనిపించినప్పుడల్లా వెనుక స–ప దూరాలు, ఎగిరిపడే తాళం వినిపించాయి. ఇప్పుడు కోప్లండ్‌ను మొదటిసారి వినేవాళ్లకు కూడా ఆ మైదానం ముందే తెలుసు. ఈ సంగీతం సహజంగానే అమెరికాలా ఉందా, అమెరికా అంటే ఇలా ఉంటుందని మన చెవులకు నేర్పారా అన్నది ఇక్కడికొచ్చేసరికి విడదీయలేం. స్టెప్ 1937 రికార్డింగు, 1942 ‘హో-డౌన్’ రెండూ ఇప్పుడు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఒకదాని తర్వాత ఒకటి వింటే వరస ఎక్కడిదో, దాని చుట్టూ ఉన్న ఖాళీ ఎక్కడిదో వేరువేరుగా తెలిసిపోతుంది.